కె నాది, ఱె అత్తది

పోయిన సోమవారం పొద్దున మా అత్త కన్నుమూసింది. పరామర్శకు వచ్చినవాళ్ళు ఆమె చేతి వంట గురించి చెప్పుకున్నారు. నాకు మాత్రం అక్షరాలను చూసి ఆమె పడిన సంబరమే కళ్ళ ముందుంది.

డెబ్బైల చివర్లో బళ్ళారిలో బట్టల అంగడివాళ్ళ ఇంటికి కోడలినై వచ్చాను. మాట్లాడేది తెలుగే అయినా నేను చదివింది కన్నడ బడిలో. అత్త కర్నూలు వైపు తెలుగులో చదివింది. మధ్యాహ్నాలు ఆమె నాకు తెలుగు దిద్దించేది, నేను ఆమెకు కన్నడ. గ, న, ర ఒకేలా ఉంటే మురిసిపోయేవాళ్ళం. క దగ్గర మాత్రం పేచీ. ఎవరి క ముందు పుట్టిందని!

"అక్కచెల్లెండ్లు గదమ్మీ. అమ్మ యాడో ఉంటాది" అనేది అత్త.

ఒకసారి తెక్కలకోటలో మా చిన్నమామ ఇల్లు కడుతుంటే చూడబోయాం. పొలం దున్నుతుంటే బయటపడిన పెద్ద బండను మెట్ల కోసం పగలగొట్టబోతున్నారు. దాని మీద గీతలు కనబడగానే అత్త గబగబా పోయి అడ్డంగా కూర్చుంది. నీళ్ళు తెప్పించి, కొంగుతో మన్ను తుడిచింది.

చాలా అక్షరాలు మాకు అందలేదు. ఒకచోట నా వేలు ఆగింది. అది మా కన్నడ బడిలోని కె. పక్కది నేనెన్నడూ చూడలేదు. అత్త పట్టేసింది.

"ఇది బండి ఱ. మా పాత పుస్తకాల్లో ఉండాది. నీ కె తోన కలిపి సదువు."

"కెఱె" అన్నాను. కన్నడంలో చెరువు.

ఇల్లు ఆలస్యమవుతుందని చిన్నమామ నసిగాడు. అత్త బండ దగ్గర నుంచి లేవలేదు.

"చెరువు తవ్వించినోళ్ళు మాట్లాడతాండారప్పా. నోరు మూయిద్దామా?"

ఆయన మెట్లకు వేరే రాయి తెమ్మన్నాడు.

కొన్నాళ్ళకు కాలేజీ మేష్టరు ఒకాయన ఆ శాసనం చూడటానికి వస్తే మళ్ళీ పోయాం. తెలుగు, కన్నడ లిపులు వేరుపడకముందటి రాత అని చెప్పాడు. అంతకంటే ఎంతో ముందు క అనేది కూడిక గుర్తులా ఉండేదని మట్టిలో గీసి చూపించాడు. అత్త చిన్నపిల్లలా మోకాళ్ళ మీద కూర్చుని చూసింది.

తిరుగు బస్సులో నా అరచెయ్యి లాక్కుని వేలితో రాయడం మొదలుపెట్టింది. ముందు కూడిక గుర్తు. తర్వాత దాని తల వంగింది, కాళ్ళు ముడుచుకున్నాయి, ఒక వంపు నా క వైపు, ఒక వంపు ఆమె క వైపు తిరిగింది. గతుకులకు బస్సు ఎగిరినప్పుడల్లా గీత పక్కకు పోయేది. ఆమె నా అరచేతిని పలకలా తుడిచి, మళ్ళీ మొదటినుంచి రాసేది.