తూర్పు గేటు

మా అమ్మాయికి గుర్రపుస్వారీ అంటే ప్రాణం. కిందటి వేసవిలో క్యూబెక్ పల్లెలో గుర్రాల ఫామ్ అమ్మకానికుందంటే మా ఊరు ఓక్‌విల్ నుంచి చూడ్డానికి వెళ్లాం. ఓనరు పెద్దావిడ, ఫ్రెంచ్ తప్ప మాట్లాడదు. మాలో ఆ భాష వచ్చింది అమ్మాయికే.

మావారికి మాత్రం వాస్తు బెంగ. వాకిలి దక్షిణానికుంది. ఫోన్‌లో కంపాస్ పెట్టుకుని తిరిగి, తూర్పున తాడుతో కట్టేసిన గేటొకటి కనిపెట్టి విప్పేశారు. "ఇటు నుంచి నడక పెట్టుకోవచ్చు, రా" అని నన్ను పిలుస్తుండగానే ఆయన వెనకనుంచి ఒక గుర్రం రోడ్డెక్కేసింది. ఎదురుగా పాల ట్యాంకర్ వస్తోంది. నేను దాని వెనకాల పరిగెత్తబోతే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, తన చేతిలోని దాణా బకెట్‌ని మెల్లగా ఊపింది. ఆ చప్పుడుకి గుర్రం చెవులు రిక్కించి వెనక్కి తిరిగింది. ట్యాంకర్ దాటిపోయింది.

గేటెందుకు తీశామో అమ్మాయి తలొంచుకుని వివరించింది. ఆవిడ తాడు కడుతూ ఏదో అంది.

"ఏ దిక్కున ఉన్న గేటైనా తీసినవాళ్లే వెయ్యాలంటోంది నాన్నా."

ఆ ఫామ్ మేం కొనలేదు. ఇప్పుడు ఏ ఇల్లు చూడబోయినా మావారు ముందు చూసేది దిక్కు కాదు, గేటు గడియ.