బూడిద కొండ పరుగులో నేను గెలవలేదు

ఆ రోజుల్లో అబద్ధం ఆడడానికి నోరు విప్పే పని ఉండేది కాదు, మూసుకుంటే సరిపోయేది. అలా ముప్ఫై ఏళ్లుగా మూసుకున్న నోరు ఇప్పుడు తెరుస్తున్నాను. మా ఖరగ్‌పూర్ బూడిద కొండ పరుగులో గెలిచినవాళ్ల పేర్లు క్లబ్బు గోడ మీద బోర్డుకి ఎక్కిస్తారు. అందులో ఒకటి నాది. ఆ ఏడు గెలిచింది నేను కాదు, మా మేనమామ కొడుకు, మా పెద్దబావ. ఈసారి పరుగు అయ్యాక వేసే సంచికకి దాని చరిత్ర రాసిపెట్టమని క్లబ్బు కార్యదర్శి (మా అమ్మాయి వయసు పిల్ల) నన్ను అడిగింది. టోకెన్‌కి తాడు కట్టే పద్ధతి ఎలా వచ్చిందో మాత్రం తప్పకుండా రాయమంది. తాడు సంగతి రాయాలంటే నా సంగతి రాయక తప్పదు.

ఖరగ్‌పూర్‌లో కొండేమిటని మీరు నవ్వొచ్చు. నిజమే, మా ఊరి నేల అప్పడాల పీటంత చదును. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన మా తాతలకి అదే బెంగ. వీధిలోకి వస్తే ఏ దిక్కునా కొండ కనపడని ఊళ్లో మనిషి ఎలా బతుకుతాడని వాళ్ల బాధ. చివరికి తమ కొండ తామే చేసుకున్నారు. ఆవిరి ఇంజన్ల కడుపులోంచి రోజూ తీసిన బూడిదని షెడ్డు వెనక పోసి పోసి మూడు మేడల ఎత్తు గుట్ట చేశారు. ఒక ఆదివారం ఇద్దరు ఫిట్టర్లు నేను ముందంటే నేను ముందని పంతం పట్టి దాన్ని ఎక్కారు. మరుసటి ఏడు ఇరవై మంది ఎక్కారు. అదే మా పరుగు. ఎవరి కొండైనా దేవుడిచ్చింది, మా కొండ మా వాళ్ల పారలు ఇచ్చింది. బూడిదలో రెండడుగులు ఎక్కితే ఒకడుగు కిందికి జారతాం. ఆ రోజు చర్చికి వెళ్లే కుర్రాళ్లకి కూడా ఒళ్లంతా విభూతే.

రైల్వే వర్క్‌షాపులో ఒక చట్టం ఉండేది. గేటు దగ్గర తన అంకె చెక్కిన ఇత్తడి బిళ్ల, అంటే టోకెన్, తీసి పెట్టెలో వేస్తేనే మనిషి పనికి వచ్చినట్టు లెక్క. మా పరుగుకీ అదే చట్టం పెట్టారు. గుట్ట మీద తన అంకె ఉన్న టోకెన్ తీసుకుని కిందికి దిగి మైదానంలో పెట్టెలో వేయాలి. ఎవరి టోకెన్ ముందు పడితే వాళ్లదే గెలుపు. పెట్టె పక్కన రిటైరైన ఫోర్‌మన్ తాత కూర్చునేవాడు. కాళ్లు పట్టుకున్నా ఆయనది ఒకటే మాట, "టోకెన్ పడకపోతే మడిసి రానట్టే."

బోర్డు మీద మా తాత పేరుంది, మామయ్య పేరుంది. మూడోది తనది కావాలని బావ ఆ ఏడాదంతా తెల్లారకముందే తాల్‌బగీచా దాకా పరిగెత్తాడు. నేను ఆ ఏడాదంతా ప్రేమ్ బజార్‌లో ఆలూ చాప్‌లు తిన్నాను. పరుగు రోజు బావ అందరికంటే ముందు దిగాడు. రెండోవాణ్ణి నేను (సగం దూరం వీపు మీద జారాను, అదే కలిసొచ్చింది). జారుతుంటే బూడిదలో ఏదో అరచేతికి గుచ్చుకుంది. చూస్తే బావ టోకెన్. కింద ఇచ్చేద్దామనే జేబులో వేసుకున్నాను, ఒట్టు. కిందికి వచ్చేసరికి బావ జేబులు తిరగేసి దులుపుకుంటున్నాడు. అప్పుడే ఇచ్చి ఉంటే ముందు తనదే పడేది. నేను నాది వేశాను. రెండోది తీసేలోపు నా మెడలో దండ పడింది. పుట్టాక ఒక్కసారీ నన్ను మెచ్చుకోని మా నాన్న, పక్కనున్న బెంగాలీ దాదాకి వచ్చీరాని బెంగాలీలో "వీడు మావోడే" అని చెబుతున్నాడు. ఇక నా చెయ్యి జేబులోకి పోలేదు.

మామయ్య అందరి ముందూ బావని నిలబెట్టి అడిగాడు. "మీ తాత సర్వీసంతా టోకెన్ పారేసుకోలేదు. నువ్వు పావుగంట సేతిలో ఉంచుకోలేకపోనావా?"

మర్నాడు బావ మా అత్త పిండి జల్లెడ పట్టుకుని గుట్ట ఎక్కాడు. వెళ్లకపోతే అనుమానం వస్తుందని నేనూ వెళ్లాను. ఆరు రోజులు ఇద్దరం బూడిద జల్లించాం. టోకెన్ మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉంది. నేను మాత్రం "ఇటేపు సూసినావా బావా" అని అడుగుతూనే ఉన్నాను. (అంత నటన నాకు ఆ తర్వాత ఉద్యోగంలో కూడా అవసరం పడలేదు.) ఏడో రోజు అత్త జల్లెడ లాక్కుంది. బావ మళ్లీ పరిగెత్తలేదు. కాలనీకంతా 'టోకెన్ బావ' అయిపోయాడు. మా అక్కని పెళ్లి చేసుకుంటుంటే, తాళి జాగ్రత్తగా పట్టుకోమని ఎవరో అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను.

కానీ బావ పరుగుని వదల్లేదు. మరుసటి ఏడు నుంచి గుట్ట మీద నిలబడి, వచ్చినవాళ్లందరి మణికట్టుకీ టోకెన్‌ని తాడుతో తానే కడుతున్నాడు. ఆ తర్వాత ఒక్కటీ పోలేదు. ఇప్పుడు గుట్ట మీద గడ్డి మొలిచింది. అమ్మాయిలు పరిగెత్తుతున్నారు, బెంగాలీ పిల్లలు, ఒడియా పిల్లలు పరిగెత్తుతున్నారు, పొరుగూళ్ల నుంచి కూడా వస్తున్నారు. వాళ్లు దిగుతుంటే నా ఛాతీ ఉబ్బుతుంది. చేతికున్న తాడు కనపడగానే తల దిగుతుంది.

మొన్న పరుగుకి ముందురోజు సాయంత్రం ఝపటాపూర్‌లో బావ ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని తాళ్లు కత్తిరిస్తున్నాడు. అంతా చెప్పేశాను. కత్తెర ఆగింది.

"జల్లెడ పట్టినప్పుడు కూడా నీకాడే ఉందేటి?"

"ఉంది బావా."

"ఆరు రోజులూనా?"

"ఆరు రోజులూ."

బావ లోపలికి తిరిగి, తమ్ముడికి టీ పెట్టొద్దని అక్కతో చెప్పాడు. మళ్లీ కత్తెర అందుకుని, "నాకు కాదురా సెప్పాల్సింది. రేపు మా నాన్న మైదానానికి వస్తాడు. ఆయనకి సెప్పు" అన్నాడు.

పొద్దున్న మామయ్య ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకి వినికిడి తగ్గింది కాబట్టి చెవిలో చెప్పి తప్పించుకునే దారి లేదు. మైకు తీసుకోవలసి వచ్చింది. ఆ వేదికకి మూడే మెట్లు. పందొమ్మిదేళ్లప్పుడు కొండంత గుట్ట ఎక్కినవాణ్ణి, వాటికి రొప్పాను. ఆ దండ వేసుకున్న కుర్రాడు ఎక్కడైనా ఉండి చూస్తుంటే, ఈ బట్టతల ముసలాడు నేనేనా అని నవ్వుకునేవాడు. నవ్వుకోనీ. వాడు చెయ్యలేని పని నేను చేశాను.

"మామయ్యా, ఆ రోజు గెలిసింది మీ అబ్బాయే. బావ టోకెన్ నాకు దొరికింది. నేను దాసేసినాను. మీరు బావని తిట్టిన తిట్లు నావి. ఇన్నేళ్లూ బావసేత మోయించినాను. మీ ఇద్దరికీ తప్పు సేసినాను. నన్ను సెమించండి."