వసారాలో ఫ్రిజ్

మా పాత ఫ్రిజ్‌ని చూసి ఎవరైనా నవ్వితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నవ్వేవాళ్ళ ఇళ్ళల్లో రెండేళ్ళకోటి మారడం నేను చూశాను. పైన పటారం, లోన లొటారం. మాది ఒంటి తలుపుది, మీగడ రంగు, నలుగురు పడితేగాని కదిలేది కాదు. నా పెళ్ళయిన రెండో ఏట, ఏలూరునుంచి బదిలీ అయి వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరుగారి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొని, ట్రాక్టరు మీద పెదపాడు దాటించి మా ఊరు తెచ్చాం.

అది వంటింట్లోకి రావడానికి వీల్లేదన్నారు మా అత్తగారు. మామగారు పోయాక ఆవిడ నీచు ముట్టడం మానేశారు, మడి పెంచేశారు. ఇంటిల్లిపాదీ చేపలు దాచుకునే పెట్టె తన పొయ్యి పక్కన ఉంటే ఎలాగని ఆవిడ బాధ. అందుకని వసారాలో గోడవార పెట్టాం. వీధిలోంచి రెండు మెట్లెక్కితే వసారా. గడప దాటక్కర్లేదు. ఆవిడ పట్టింపు పుణ్యమా అని మా ఫ్రిజ్ వీధందరిదీ అయింది. జ్వరమొచ్చిన పిల్లలకి ఐసు, పెళ్ళివారి మల్లెపూలు, చుట్టాలొస్తున్నారని తెచ్చుకున్న కూల్‌డ్రింకులు అన్నీ అందులోకే వచ్చేవి. ఎవరి గిన్నె ఏదో నాకే గుర్తుండేది కాదు.

చాకిరీ చేయించుకునేది, కాదనను. కరెంటు కూడా ఎక్కువే తాగేది. శుక్రవారం శుక్రవారం స్విచ్చి కట్టేసి, ఐసు దానంతట అదే కరిగేదాకా ఆగాలి. తొందరపడి చాకుతో పొడిస్తే గొట్టానికి చిల్లుపడి గ్యాసు పోతుంది. మా ఆడపడుచు అలా పొడిచే తనది పాడుచేసుకుంది, ఆనక కంపెనీని తిట్టింది. నేను తలుపు చుట్టూ ఉన్న రబ్బరుని సబ్బునీళ్ళతో తుడిచి, ఆరాక కాస్త పౌడరు రాసేదాన్ని. వెనకాల జాలీ మీద దుమ్ము దులిపేదాన్ని. చేపల చెరువుల మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే మా ఊళ్ళో ట్యూబులైట్లు వెలగడం మానేసేవి, అందుకని దానికో స్టెబిలైజరు. పదిహేనేళ్ళు దాటినా మెకానిక్ వచ్చింది రెండేసార్లు. చిన్న చిన్న సామాన్లు మార్చి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

వీధిలో అందరూ అప్పుడప్పుడూ వచ్చేవాళ్ళే. రోజూ రెండుపూటలా వచ్చే మనిషి మాత్రం ఒక్కరే. పేటలో చర్చి పక్కన ఉండే టీచరుగారు. రిటైరయ్యాక ఒక్కరే ఉండేవారు. షుగరు. ఇన్సులిన్ సీసా మా ఫ్రిజ్ తలుపులో, పై అరలో ఉండేది. పొద్దున్న ఒకసారి, దీపాలవేళ ఒకసారి వచ్చి, తలుపు తీసుకుని, వసారా బల్ల మీద కూర్చుని పొట్టకి ఇంజక్షన్ చేసుకుని, సీసా పెట్టేసి వెళ్ళేవారు. ఎవర్నీ పిలిచేవారు కాదు, ఎవర్నీ అడిగేవారు కాదు. ఊళ్ళో సగంమందికి అక్షరాలు దిద్దించిన మనిషి ఆవిడ. మా ఆయన చేత కూడా దిద్దించారు. అయినా మా అత్తగారి లెక్కలో పేటవాళ్ళకి వసారా వరకే.

రెండువేల సంవత్సరం తర్వాత ఒక ఏడు చెరువు పట్టుబడి బాగా వచ్చింది. మా ఆయన నాతో మాటమాత్రం అనకుండా ఏలూరు వెళ్ళి, రెండు తలుపుల కొత్త ఫ్రిజ్ తెచ్చేశారు. ఐసు కట్టదట, చాకిరీ ఉండదట, చప్పుడే చెయ్యదట. దేవుడి గది అవతల నడవాలో పెట్టించారు. పాతది ఎక్స్‌చేంజిలో ఇచ్చేశారని షాపువాళ్ళు దాన్ని ఎత్తబోయినప్పుడు తెలిసింది నాకు. వెళ్ళి దానికీ వాళ్ళకీ మధ్య నిలబడ్డాను.

"టీచరుగారి మందు ఎక్కడ పెడతారండీ?" అని అడిగాను.

"కొత్తదాంట్లో పెడదాం. అందులో చోటు లేదా ఏంటి?"

"చోటుకేం, బోలెడుంది. ఆవిడ నడవాలోకి రావచ్చా?"

మా ఆయన లోపలికి, వాళ్ళమ్మగారి వైపు చూశారు. తర్వాత, మనమే తీసిచ్చేద్దాం, దానికెందుకింత రాద్ధాంతం అన్నారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని షాపువాళ్ళ ముందు దెప్పారు కూడా. మూడే అన్నాను. వాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళిపోయారు. తేడా డబ్బు మా ఆయన తర్వాత కట్టుకున్నారు, నెల్లాళ్ళు మొహం మాడ్చుకున్నారు.

కానీ నేనొక తప్పు చేశాను. ఇంట్లో రెండు ఫ్రిజ్‌లు ఆడుతుంటే నలుగురూ నవ్వుతారని ఆయన బతిమాలితే, పాతదాన్ని గొడ్లపాకలో పెట్టించడానికి ఒప్పుకున్నాను. ఇంట్లోనే ఉందిగా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. పాకలో ప్లగ్గు లేదు. టీచరుగారి సీసా నడవాలోకి వెళ్ళింది. ఆవిడ మెట్ల కింద నిలబడి "ఏవండీ, మందండీ" అని పిలవడం మొదలైంది. నేను పరుగెత్తుకెళ్ళి ఇచ్చేదాన్ని. పరుగెత్తినంత మాత్రాన ఏం లాభం? పిలవాల్సి వచ్చింది కదా.

ఆ ఏడు ఎండల్లోనే తాడేపల్లిగూడెంలో మా అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. పదిరోజులు అక్కడ ఉండిపోయాను. వెళ్ళేటప్పుడు టీచరుగారి మందు సంగతి మా అత్తగారికి రెండుసార్లు అప్పగించి మరీ వెళ్ళాను.

తిరిగొచ్చిన రోజు దీపాలవేళ అయినా పిలుపు వినపడలేదు. అడిగితే, ఆవిడ కళ్ళు తిరిగి పడిపోతే ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారనీ, షుగరు బాగా పెరిగిపోయిందనీ మా ఆయన నెమ్మదిగా చెప్పారు. సీసా కోసం ఫ్రిజ్ తలుపు తీశాను. లేదు. పై తలుపు తీశాను. ఐసు ట్రే పక్కన, రాయిలా గడ్డకట్టి ఉంది. గడ్డకట్టిన ఇన్సులిన్ నీళ్ళతో సమానం. అది నాకు చెప్పింది టీచరుగారే.

మా అత్తగారు దాపరికం లేకుండా చెప్పారు. పాలూ పెరుగూ ఉన్న చోట ఆ సీసా ఉంటే మనసొప్పలేదట. పైన వేరే తలుపు, వేరే గది, అక్కడ ఐసు తప్ప ఏమీ లేదు, చల్లదనం కూడా ఇంకా ఎక్కువే కదా అని అందులోకి మార్చారట. టీచరుగారు పిలిస్తే సీసా తెచ్చి మెట్టు మీద పెట్టేవారట. వేళ తప్పకుండా ఇచ్చానని కూడా అన్నారు. అది నిజమే, ఆవిడ అబద్ధం ఆడరు. ఆవిడ మీద కన్నా నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే చెరువు దగ్గర్నుంచి నలుగుర్ని పిలిపించి, పాతదాన్ని పాకలోంచి తెప్పించి మళ్ళీ వసారాలో పెట్టించాను. ఎవర్నీ అడగలేదు. దాని వైరు ఎలకలు కొరికేశాయి. ఏలూరు మెకానిక్ వచ్చి కొత్త వైరు వేసి, "దీన్ని బాగుచెయ్యొచ్చండి. ఇప్పుడొచ్చేవాటిని మార్చడమేనండి" అన్నాడు. స్విచ్చి వెయ్యగానే అది పెద్దగా ఒక మూలుగు మూలిగి నడిచింది. మా ఆయన పేపరు వెనకాల మొహం దాచుకున్నారు.

వారం తిరక్కుండా వోల్టేజీ ఎగిరి కొత్తదాని బోర్డు కాలిపోయింది. చప్పుడు చెయ్యదు కదా, ఆగిపోయిందని కూడా ఎవరికీ తెలియలేదు. లోపల దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. పాలు విరిగాక తెలిసింది. కంపెనీకి ఫోన్ చేస్తే బోర్డు రావాలన్నారు. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. ఆ ఎండలకి మా అత్తగారు రెండురోజులు ఓర్చుకున్నారు. మూడోరోజు పాలగిన్నె తెచ్చి, నావైపు చూడకుండా, వసారాలో ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. దెప్పడానికి నా నాలిక దురదపెట్టిన మాట నిజం.

టీచరుగారు ఆసుపత్రినుంచి వచ్చిన సాయంత్రం కూడా ఆ గిన్నె అందులోనే ఉంది. మనిషి సగమైపోయారు. కొత్త సీసా చేత్తో పట్టుకుని మెట్ల కిందే నిలబడి, "ఏవండీ" అని పిలిచారు.

పైకి రమ్మన్నాను. వచ్చారు. తలుపు మీరే తియ్యండి అన్నాను. తీసి, పాలగిన్నె చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "అమ్మగారి పాలున్నట్టున్నాయమ్మా" అన్నారు.

"ఉండనివ్వండి టీచరుగారూ. మీ సీసా మీ అరలో మీరు పెట్టుకోండి."

పెట్టుకున్నారు. బల్ల మీద కూర్చున్నారు. అప్పుడు అడిగాను, అది గడ్డకట్టిందని అన్ని రోజులూ మీకు తెలియలేదా అని.

"మొదటిరోజే చూశానమ్మా" అన్నారు ఆవిడ, చీరకొంగు సర్దుకుంటూ. "కరిగాక అదే పొడుచుకునేదాన్ని. కిందకి మార్చమని అడుగుదామనుకున్నా. అడిగితే, అసలుకే పెట్టుకోవద్దంటారేమోనని భయమేసింది."

గడప లోపల మా అత్తగారు నిలబడి ఉన్నారు. ఏమంటోందావిడ అని అడిగారు.

టీచరుగారు వద్దన్నట్టు నా చెయ్యి పట్టుకున్నారు. అయినా నేను ఊరుకోలేదు. ఆవిడ చెప్పిన మాట చెప్పినట్టు, ఒక్క ముక్క మార్చకుండా, లోపల పేపరు చదువుతున్న మనిషికి కూడా వినపడేలా, గట్టిగా చెప్పాను.