మెట్టుగూడ ఇంటి వెనక గది

నేను పని మానేయడానికి రెండేళ్ల ముందు, జూన్‌లో తొలి వానలు పడ్డ వారం, మెట్టుగూడలో ఒక పాత ఇంటిని చూసి రమ్మని బ్యాంకు నుంచి ఉత్తర్వు వచ్చింది. నేను సివిల్ ఇంజనీరును. సికింద్రాబాద్‌లో ఒక బ్యాంకు ప్యానెల్‌లో వాల్యుయర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఎవరైనా ఇల్లు కొనడానికి రుణం అడిగితే, బ్యాంకు ముందుగా మమ్మల్ని పంపుతుంది. ఇంటి విలువ ఎంత, ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుంది అనే రెండు ప్రశ్నలకు మేం సంతకం పెట్టి జవాబివ్వాలి. రెండో జవాబు రుణం గడువు కంటే తక్కువైతే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

కొనేవారు గ్రేస్ కుమారి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి ఒక స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు. ఊరి మధ్యలో ఆమె జీతానికి అందే ఇల్లు అదొక్కటే. అమ్మే మనిషి ఖాసీం సాబ్, రైల్వే వర్క్‌షాపులో వడ్రంగిగా రిటైరయ్యారు. భార్య ఆరోగ్యం దెబ్బతినడంతో ఇల్లు అమ్మి, కాప్రాలో ఉన్న కూతురికి దగ్గరగా వెళ్లాలనుకున్నారు. బేరం అంతా నడిపింది ఆయన అల్లుడు యూసుఫ్.

మూడు గదుల ఇల్లు. టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి, పైన డంగుసున్నం వేసిన పాతకాలపు కప్పు. ముందు రెండు గదుల్లో దూలాలు కనిపిస్తున్నాయి, గట్టిగానే ఉన్నాయి. వెనక గదికి మాత్రం కొత్తగా తెల్లటి ఫాల్స్ సీలింగ్ వేయించారు. గ్రేస్ గారు, ఖాసీం సాబ్ పక్కనే ఉండగా, ఆ గది మధ్యలో నిలబడి, "సాయంత్రాలు పిల్లల్ని ఇక్కడే కూర్చోబెట్టి ట్యూషన్ చెప్తానండీ. ఈ గది పర్వాలేదు కదా?" అని అడిగారు. నేను తలూపాను. ఆ రోజు నాకు ఇంకో రెండు ఇళ్లు చూడాల్సి ఉంది. సీలింగ్ పలక ఒకటి విప్పించి పైకి చూడాలి. నేను చూడలేదు. సాయంత్రం రిపోర్టులో మూడు గదుల కప్పూ బాగున్నట్టు రాసి పంపేశాను.

మర్నాడు పొద్దున ఖాసీం సాబ్ ఒక్కరే నా ఆఫీసుకు వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఆ వెనక అర్రల సీలింగ్ మా అల్లుడు మొన్ననే పెట్టించిండు. పైన దూలం చెదలు తిన్నది. నేను వడ్రంగోణ్ణి, నాకు తెల్వదా?"

మరి నిన్న ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్దామనే అనుకున్న. ఇంట్ల ఆమెకు పానం బాగలేదు, ఇల్లు అమ్ముడువోతే చాలని ఊకున్న. కని ఆ టీచరమ్మ పిల్లలను గీడ్నే కూసోబెడ్తా అన్నది. అప్పటి సంది బుక్క దిగుత లేదు సార్."

ఇద్దరం ఆటోలో మెట్టుగూడ వెళ్లాం. నిజం చెప్పాలంటే, దారిలో నాకు ముందు వచ్చిన ఆలోచన పిల్లల గురించి కాదు, బ్యాంకుకు చేరిపోయిన నా రిపోర్టు గురించి. నిచ్చెన ఆయనే వేశారు. పలక విప్పి, దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్ ఆనించాను. పిడి దాకా దిగిపోయింది. గోడ మీద ఆనిన భాగంలో గట్టిగా మిగిలింది నాలుగు వేళ్ల వెడల్పే. తక్కినదంతా పొడి.

అప్పుడే యూసుఫ్ వచ్చాడు. "ఏం జేసినవ్ మామా? అత్తమ్మను ఈడ్నే ఉంచుతవా?" అని మామను గదమాయించి, నావైపు తిరిగాడు. "మీ రిపోర్ట్ పోయింది గద సార్. ఇంక మీకేంది తక్లీఫ్?"

అతను చెడ్డవాడు కాదు. అత్తను చూసుకుంటున్నది అతనే. నేను నిచ్చెన దిగాను.

ఆ మధ్యాహ్నం బ్రాంచి మేనేజరుకు మొదటి రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నానని, తప్పు నాదేనని ఉత్తరం రాసిచ్చాను. గ్రేస్ గారికి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆమె, "నేను మిమ్మల్ని అడిగాను కదండీ. మీరు తలూపారు," అన్నారు. తర్వాత, మిగతా ఇల్లు ఎలా ఉందని అడిగారు.

మళ్లీ వెళ్లాను, ఈసారి చూడడానికి సగం రోజు పట్టింది. ముందు గదుల్లో ప్రతి దూలాన్నీ రెండు కొసలా పొడిచి చూశాను. అవి బాగున్నాయి. వెనక గది కప్పు తీసేయాలనీ, ఆ గదిని ఇంటి విలువలో లెక్కించకూడదనీ రెండో రిపోర్టు ఇచ్చాను. బ్యాంకు రుణం తగ్గించింది. ఖాసీం సాబ్ ధర తగ్గించారు. కాప్రాలో చిన్న ఇల్లు కొనాలన్న ఆశ వదులుకుని, అద్దె పోర్షన్‌లో దిగారు. అల్లుడు కొన్ని నెలలు ఆయనతో మాట్లాడలేదని తర్వాత తెలిసింది.

రిజిస్ట్రేషన్‌కు ముందే ఆ కప్పును ఖాసీం సాబ్ ఇద్దరు పాత తోటి పనివాళ్లను పెట్టుకుని దగ్గరుండి దింపించారు. నేనూ వెళ్లాను. సున్నం, ఇటుకలు తీసేశాక, పైన ఏ బరువూ లేకపోయినా, ఆ దూలం తాడు బిగించేలోపే గోడ దగ్గర విరిగి, గది మధ్యలో పడింది. గ్రేస్ గారు గుమ్మం దగ్గర నిలబడి దాన్ని చూసి, ఖాసీం సాబ్‌కు రెండు చేతులూ జోడించారు. నావైపు చూడలేదు. ఇల్లు కొన్నారు. ట్యూషన్ ముందు గదిలో మొదలుపెట్టారు.

బ్యాంకు మూడు నెలలు నాకు ఫైళ్లు ఇవ్వలేదు. అది న్యాయమే. తిరిగి పిలిచాక, నేను చూడలేకపోయిన ప్రతి చోటునూ రిపోర్టులో 'చూడలేదు' అని రాయడం మొదలుపెట్టాను. మేనేజర్లు విసుక్కున్నారు, కొన్ని ఫైళ్లు వేరేవాళ్లకు వెళ్లాయి. కానీ ఇల్లు కొనేవాళ్లు మా సంతకాన్ని నమ్మేది తమ కంటికి అందని చోట్ల గురించే. అక్కడికి నా కన్ను కూడా చేరనప్పుడు, ఆ మాట వాళ్లకు చెప్పడమే నా పని.