గోదావరి ల్యాప్‌టాప్‌కి కప్పిన తడిబట్ట

నిజామాబాద్ హమాల్‌వాడిలో గోదావరి వేళ్లంటే సామాన్యమైనవి కావు. ముప్పై ఆరేళ్లుగా బీడీలు చుడుతున్న వేళ్లవి. ఆకులో పొగాకు పోసి, ఒక్క మెలిక తిప్పి, మూతి మడిచి దారం కట్టేసరికి పక్కింటావిడ ఇంకా ఆకు వెతుక్కుంటూ ఉంటుంది. కార్ఖానాలో బీడీలు ఏరే మనిషి ఆమె కట్టల్ని విప్పి చూడకుండానే పక్కన పెట్టేస్తాడు. రేషన్ దుకాణంలో మిషన్ మాత్రం అలాంటి వేళ్లున్న మనిషే లోకంలో లేదంటుంది. ఆకు రాపిడికి గీతలన్నీ అరిగిపోయాయి మరి. కంటిపాప చూపించి బియ్యం తెచ్చుకుంటుంది గోదావరి.

అందుకని స్మార్ట్‌ఫోన్ ఆమెను లెక్కచేయకపోవడంలో వింతేమీ లేదు. భర్త రాజారాం రైస్ మిల్లులో హమాలీ. ఒక ఆదివారం ముచ్చటపడి ఆమెను ఫోన్ల షాపుకు తీసుకుపోయాడు. గోదావరి అద్దం మీద వేలు పెట్టింది, ఏమీ కదల్లేదు. గట్టిగా నొక్కింది, ఊహూఁ. షాపతను తన వేలితో ఒక్కసారి తడిమితే బొమ్మలన్నీ పరుగెత్తాయి. ఆ ఎండిన, కాయలు కాసిన వేలు కిందికి రాగానే మళ్లీ బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయాయి. ఆమె మాట తాను వింటానుగానీ ఫోన్ వినదని రాజారాం వారం రోజులు వాడంతా చెప్పుకుని నవ్వాడు.

చెల్లెలు ఉమారాణి గొంతు పోకపోయి ఉంటే అదంతా నవ్వుకుని మరిచిపోయే సంగతే.

అక్కచెల్లెళ్లిద్దరూ కోటగిరిలో పుట్టారు, తల్లి చాట పక్కనే కూర్చుని బీడీ నేర్చారు. ఉమారాణిని చందూర్‌లో చిన్నయ్యకిచ్చారు. పన్నెండేళ్ల కింద ఇద్దరి చేతుల్లోకీ మీటల ఫోన్లు వచ్చాయి. అప్పట్నుంచి వంట ముగించుకుని పదింటికి చాట ముందేసుకోగానే ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి పక్కన ఉంచుకోవడం వాళ్లకు అలవాటు. ఏం కూర, పిల్లలకు జ్వరం తగ్గిందా, ఈసారి ఆకు బాగుందా, అంతే. తర్వాత గంటల తరబడి మాటే ఉండదు. ఇక్కడ ఆకు కోసే గోదావరి కత్తెర చప్పుడు, అక్కడ ఉమారాణి కత్తెర చప్పుడు. మధ్యాహ్నం అన్నానికి లేచేటప్పుడు ఎవరో ఒకరు "ఉంటనే" అంటే, ఆ రోజుకు ముచ్చట అయిపోయినట్టు. ఈ మాత్రం దానికి ఫోనెందుకని రాజారాం ఎన్నోసార్లు ఎద్దేవా చేశాడు. మగవాళ్లకు కొన్ని ఎంత చెప్పినా ఎక్కవు.

పోయిన ఎండాకాలం ఉమారాణి గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాలన్నారు, తీసేశారు. పొగాకు దరిదాపులకు పోవద్దని చెప్పి పంపారు. ఇల్లు చేరిన ఉమారాణి మెడ చుట్టూ స్కార్ఫ్ కట్టుకుని, ఎవర్నీ రానివ్వొద్దని భర్తకు రాసి చూపించింది. గోదావరి ఆగలేక చందూర్ పోతే, చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుని ఈ వైపు తిరగనే లేదు. చిన్నయ్య ఆటోదాకా వచ్చి, తల వంచుకుని, "కొన్ని దినాలు రాకు వదినె" అన్నాడు. ఫోన్ చేస్తే మోగుతుంది, ఆగిపోతుంది. బదులు పలకలేని మనిషి ఎత్తి ఏం చేస్తుంది? గోదావరి పదింటికి చాట ముందు కూర్చుంటే పక్కన ఫోన్ రాయిలా పడి ఉండేది. ఆ రెండు నెలల్లో ఆమె చుట్టిన కట్టల్ని కార్ఖానాలో మొదటిసారి విప్పి చూశారు.

ఉమారాణి దగ్గర, రాసి చూపించడానికని చిన్నయ్య కొనిచ్చిన స్మార్ట్‌ఫోన్ ఉంది. వాట్సాప్‌లో రాస్తే ఆమె చూడకుండా ఉండదని పైవాటాలో ఉండే సంజనకు తోచింది. డిగ్రీ చదివే పిల్ల. తన అన్న వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ కిందికి తెచ్చి ఎత్తు పీట మీద పెట్టింది. గోదావరి భయపడుతూ ఒక మీట నొక్కింది. అక్షరం పడింది. మరొకటి నొక్కింది. మరొకటి పడింది. "గిది మనిషి మాట ఇంటది బిడ్డా" అంది గోదావరి, ఫోన్ల షాపు అవమానమంతా ఆ ఒక్క ముక్కతో తీర్చుకుంటూ.

స్మార్ట్‌ఫోన్ లేకుండా వాట్సాప్ తెరవడం కుదరదట. గోదావరి నంబరుతో సంజన తన ఫోన్‌లో రెండో ఖాతా తెరిచింది, రహస్య అంకెలు గోదావరి మీటల ఫోన్‌కు వచ్చాయి, తర్వాత దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపింది. మధ్యమధ్య తన ఫోన్‌లో ఆ ఖాతా తెరుస్తూ ఉండాలని, లేకపోతే ల్యాప్‌టాప్ మరిచిపోతుందని చెప్పింది. అందులో ఏం రాసుకున్నారో మాత్రం చూడనని ఒట్టేసింది. తెలుగు అక్షరాలు చిన్న చిన్న కాగితం ముక్కల మీద రాసి మైదా జిగురుతో మీటల మీద అంటించింది. ఐదో తరగతి చదువు అలా అరచేయంత మేర మళ్లీ గోదావరి ముందుకొచ్చి కూర్చుంది.

"చెల్లె తిన్నవా" అన్న మొదటి మాట రాయడానికి నాలుగు కట్టల బీడీలు చుట్టేంత సేపు పట్టింది. కాసేపటికి పక్కన రెండు నీలం గీతలు పడ్డాయి. చదివినట్టు లెక్క అని సంజన చెప్పింది. జవాబు రాలేదు. రెండో రోజు పచ్చిపులుసు సంగతి రాసింది. మూడో రోజు ఆకు మందంగా ఉందని రాసింది. రోజుకో మాట, రోజుకు రెండు నీలం గీతలు. గోడకు చెబుతున్నట్టే ఉందని రాజారాం అంటే, గోడకు నీలం గీతలు పడవని కసిరింది.

పందొమ్మిదో రోజు పదకొండింటికి ల్యాప్‌టాప్ టింగుమంది. గోదావరి కూడబలుక్కుని చదివింది.

"అక్కా, నా గొంతు నీకు యాదికున్నదా?"

గోదావరి చేతులు ఆగిపోయాయి. 'ఉన్నది' అని కొట్టింది. అంత పెద్ద ప్రశ్నకు అది మరీ చిన్న జవాబనిపించి చెరిపేసింది. మళ్లీ ఏదో మొదలుపెట్టింది, కళ్లల్లో నీళ్లకు మీటలు కనబడలేదు. ఇంతలో కార్ఖానాలో బీడీలు అప్పగించే వేళ అయింది. పోకపోతే రేపటికి ఆకు ఇవ్వరు. వచ్చి నెమ్మదిగా రాద్దామనుకుని లేచింది.

ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేస్తే పెనంలా కాలుతోంది. పొద్దుటినుంచి తెరిచే ఉంది. మూస్తే ఫోన్ పెట్టేసినట్టు లైను తెగిపోతుందని గోదావరి నమ్మకం, అందుకని పందొమ్మిది రోజులుగా పగలు దాని మూత మూయలేదు. బీడీలు చుట్టే ఇంట్లో వేడి తగిలిన దేనికైనా ఒకటే వైద్యం. ఆకు ఎండితే పెళుసెక్కి పగిలిపోతుంది, కాబట్టి తడిబట్ట కప్పాలి. గోదావరి గోనెపట్టా ముక్కను తడిపి, నీళ్లు కారకుండా గట్టిగా పిండి, పసిబిడ్డకు కప్పినట్టు ల్యాప్‌టాప్ మీద కప్పి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి అది నల్లగా, చల్లగా ఉంది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

సాయంత్రం సంజన వచ్చి పట్టా ఎత్తి చూసి, ఎవరు కప్పారని అడిగింది. ఎండిపోతుందని తానే కప్పానని గోదావరి చెప్పింది. ఆ పిల్ల నవ్వబోయి, గోదావరి మొహం చూసి ఆపుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. గోదావరి చేతుల్లో ఆకులు లేనిదెప్పుడు గనుక. జవాబు తన ఫోన్‌లో కొట్టి పంపుతానంది సంజన. గోదావరికి సరేనని నోటిదాకా వచ్చింది, కానీ తల అడ్డంగా ఊపింది.

"అది అడిగింది నన్ను. నీ వేలుతోని జవాబిస్తే ఎట్లుంటది బిడ్డా?"

పోనీ రేపు వస్తున్నావని అయినా రాయమంటావా అని సంజన అడిగితే, వస్తానంటే రావద్దంటుంది అంది గోదావరి. నీలం గీతలు అటు కూడా పడతాయని గోదావరికి తెలుసు. అక్క చదివింది, చదివి ఊరుకుంది, అంటే మరిచిపోయింది. చెల్లెలు అలాగే అనుకుంటుంది. 

తెల్లారి తడిపిన ఆకును అదే పట్టాలో చుట్టి, రెండు కత్తెరలు సంచిలో వేసుకుని వర్ని బస్సెక్కింది. కిటికీలోంచి నిజాంసాగర్ కాలువ, దాని పక్కన ఒకప్పుడు చెరుకు నిలబడిన చోట వరి. ఏదీ ఆమె కంటికి ఆనలేదు. వర్నిలో దిగి ఆటోలో చందూర్ చేరింది.

ఉమారాణి అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె చాట గోడకు ఆనించి, పైన గుడ్డ కప్పి ఉంది. అక్కను చూడగానే స్కార్ఫ్ సర్దుకుని లోపలికి పోవడానికి లేచింది. ఆపడానికి గోదావరికి వేరే ఏమీ తోచక నిజమే చెప్పేసింది.

"లాప్‌టాపు ఎండిపోతదని తడిబట్ట కప్పిన ఉమా. సచ్చిపోయింది."

ఉమారాణి గడపలో ఆగింది. వెనక నుంచి చూస్తే భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని గోదావరి పరుగున పోయి తన వైపు తిప్పుకుంది. ఏడుపు కాదు. చెల్లెలు నవ్వుతోంది, చప్పుడు లేకుండా, కళ్లల్లోంచి నీళ్లు కారేలా. అక్కకూ నవ్వొచ్చింది, ఆ వెనకే దుఃఖమూ వచ్చింది. ఇద్దరూ అరుగు మీదే కూలబడ్డారు.

నవ్వాగాక గోదావరి ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది.

"నీ గొంతు యాదికున్నది. గని అబద్ధం చెప్ప, రోజింత మర్సిపోతనేమో అని భయమైతున్నది. నీ కత్తెర సప్పుడు మాత్రం సచ్చేదాక మర్వ. చిన్నయ్యతోని కొట్లాడిన నాడు అది ఉరుకుతది. మనసు నిమ్మళంగున్న నాడు నెమ్మదిగ పోతది. పన్నెండేండ్లు నీ మాటల కన్న నేను ఇన్నది అదే ఎక్కువ."

 గోదావరి పట్టా విప్పి ఆకు పరిచి, ఒక కత్తెర చెల్లెలి ముందు పెట్టింది.

"పొగాకు నీకు వద్దన్నరు. ఆకేం జేసింది? నువ్వు కొయ్యి, నేను సుడత."

ఆ కత్తెర అలాగే చాలాసేపు పడి ఉంది. గోదావరి తన కత్తెరతో ఆకు కోయడం మొదలుపెట్టింది, తొందరపెట్టలేదు. గుప్పెడు ఆకులు తెగాక పక్కన రెండో కత్తెర కదిలింది. చిన్నయ్య పొలం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, మంచినీళ్లు తెచ్చి పెట్టిపోయాడు. గోదావరి పొద్దువాలే బస్సు ఎక్కేటప్పుడు మిగిలిన ఆకును, ఆ కత్తెరను అక్కడే వదిలేసింది.

ల్యాప్‌టాప్ ఎండడానికి, రిపేరు కావడానికి పది రోజులు పట్టింది. సంజన దాన్ని మళ్లీ కలిపి, ఇక నీళ్లు చూపించొద్దని గోదావరి చేత ఒట్టేయించుకుంది. మర్నాడు పదింటికి టింగుమంది. తీరా చూస్తే అక్షరాలు లేవు, ఒక బాణం గుర్తు, పక్కన గీతలు. అది గొంతుతో పంపే మెసేజని సంజన చెప్పింది. గొంతే లేని మనిషి ఏం పంపి ఉంటుంది? సంజన బాణం మీద గురి పెట్టి, నొక్కాల్సిన మీటను గోదావరికి చూపించింది.

నొక్కింది. ముందు ఎక్కడో కోడి అరుపు. తర్వాత కసక్... కసక్... కసక్. తడి ఆకు తెగుతున్న చప్పుడు. ఇరవై నిమిషాల పొడవుంది. మధ్యలో ఒక్క మాట లేదు, ఎక్కడా ఉరకలేదు, నెమ్మదిగా పోతోంది.

గోదావరి కొంగుతో కళ్లు తుడుచుకుని, చాట దగ్గరికి లాక్కుని, తన కత్తెర తీసింది.