ఫిలిప్ పెట్టుకున్న మూడు రోజుల సెలవు

ఫిలిప్‌ది గుణదల. ఉద్యోగం బసవపున్నయ్య గారి మంగళగిరి చీరల దుకాణంలో. ఏ మగ్గం మీద ఏ చీర ఉందో, ఏ రోజుకు చేతికొస్తుందో చెప్పే ఎక్సెల్ షీటు ఒకటి ఆర్నెల్లు కూర్చుని తయారుచేశాడు. నేసిన చీరలు చూసి తీసుకునేది తనే కాబట్టి, ఫిబ్రవరిలో వచ్చే గుణదల మేరీమాత ఉత్సవాల మూడు రోజులూ అందులో సెలవు పెట్టేసుకున్నాడు. మరి, ఇంటి ముందు తిరునాళ్ళ పెట్టుకుని చీరలు మడతపెడతాడా ఏమిటి!

అదే దుకాణంలో అమ్మకాలు చూసిన కిరీటి ఉద్యోగం మానేశాడు. ఏడాది తిరక్కుండా కారు కొన్నాడు. ఏదో సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాడట! ఆ కారు కనబడిన రోజు ఫిలిప్‌కి అన్నం సయించేది కాదు. నంబరు ప్లేటు కూడా కంఠతా వచ్చేసింది. అసూయే, ఇంకేం పేరు పెడతాం దానికి?

ఒకరోజు పనిమీద మంగళగిరిలో ఇంకో దుకాణానికి వెళ్తే, అక్కడ కంప్యూటర్ చూసే సాయిశ్రీ అడిగింది.

"ఫిలిప్ గారూ, కిరీటి గారు అమ్మిన షీటు ఫిబ్రవరిలో మూడు రోజులు సెలవంటోందండీ. మా మగ్గాలు ఆగవే! ఎందుకంటారు?"

ఫిలిప్ ఒళ్ళు భగ్గుమంది. తిన్నగా లాయరు ఛాయాదేవి గారి దగ్గరికి పరిగెత్తాడు.

"జీతం తీసుకుంటూ, దుకాణం పని కోసమే చేశారా?"

"అవునండీ."

"వేరే ఒప్పందం ఏమన్నా రాసుకున్నారా?"

"లేదండీ."

"అయితే హక్కు మీ ఓనరు గారిదండీ. అమ్ముకునే హక్కు మీకూ లేదు, కిరీటికీ లేదు."

మొదటి ముక్కకు మొహం మాడిపోయింది. చివరి ముక్కకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. తనకు రాకపోతే పోయె, వాడికీ రాకూడదు! ఆ సాయంత్రమే బసవపున్నయ్య గారికి అంతా చెప్పి, ఆ మూడు రోజుల్నీ సాక్ష్యంగా చూపించాడు.

వారానికి కిరీటిని పిలిపించారు. వాడికి పడబోయే చీవాట్లు విందామని ఫిలిప్ తలుపు దగ్గరే తచ్చాడాడు. లోపల్నుంచి నవ్వులు వినబడ్డాయి. కాఫీలు కూడా వెళ్ళాయి.

"రావయ్యా ఫిలిప్! మంచి పని చేశావు. ఇంత గిరాకీ ఉన్న షీటు మనదని నాకు తెలియనే తెలియదు. ఇకనుంచి కిరీటి మన పేరు మీదే అమ్మిపెడతాడు. అన్నట్టు, ఆ గుణదల సెలవు తీసెయ్. కొన్నవాళ్ళు విసుక్కుంటున్నారట."

కిరీటి లేచి కుర్చీ ఇచ్చాడు. "అదెక్కడుందో నాకు దొరకలేదు ఫిలిప్ గారూ" అన్నాడు వినయంగా.

ఫిలిప్‌కి దొరక్కపోవడమేం! ఆ షీటు తనదని చెప్పేవి లోకంలో ఆ మూడు రోజులే. కూర్చుని, మూడింటినీ ఒక్కొక్కటిగా తుడిచేశాడు.