సుక్కి అంత గట్టిగా ఎందుకు అరిచేది

మా చిన్నప్పుడు... శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. చాపలు పరిచి, పొయ్యి మీద చాయ్ సర్వ పెట్టి, అవ్వ పాట ఎత్తేది. రెండో చరణం దాకా పోయేదో లేదో... గడప దగ్గర నుంచి సుక్కి అరుపు.

మామూలు మ్యావ్ కాదండీ. పెద్ద రోడ్డు మీద లారీ హారన్ కొట్టినట్టు... చిట్యాల దాకా వినపడుతుందని పక్కింటి యాదమ్మ చిన్నమ్మ ఎగతాళి చేసేది.

సుక్కి మా పిల్లి. ఒళ్లంతా నలుపు, నుదుటి మీద తెల్లచుక్క. తెలంగాణ వచ్చిన మరుసటేడు సంగతి ఇది, నేను ఏడో తరగతి. అమ్మా నాయినా పొద్దున్నే పత్తి చేనుకు పోతే ఇంట్లో అవ్వా, సుక్కీ ఇద్దరే. అవ్వ అంటే నాయిన వాళ్లమ్మ. అక్షరం ముక్క రాదు... కానీ ఎన్ని పాటలు నోటికొచ్చో. ఆమె ఎత్తితేనే మేం అందుకునేది.

ఈ పిల్లికి ఇంత నోరెందుకో తలా ఒకటి చెప్పారు. ఆకలి అన్నారు... గిన్నె నిండా పాలు పోసినా అరిచేది. ఎదకొచ్చింది అన్నారు... ఆ రోజులు దాటినా అరిచేది. చివరికి కూడిక నడిపించే మా పెద్దనాయిన, దాంట్లో ఏదో దూరిందని తేల్చేశాడు. నుదుటికి నూనె రాసి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నవ్వకండి, విశ్వాసంతోనే చేశాడు. ఆయన ఆమెన్ అనేసరికి సుక్కి ఆయనకంటే గట్టిగా అరిచి, బొటనవేలు గీరి, అటక ఎక్కింది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇక లాభం లేదన్నాడు పెద్దనాయిన. ఆదివారం సాగర్ డ్యాం దగ్గర నందికొండకు తీసుకుపోయి వదిలేస్తానన్నాడు. అక్కడ చేపలు పట్టేవాళ్లు ఉన్నారు, హాయిగా బతుకుతుందని. అప్పటిదాకా యాదమ్మ చిన్నమ్మ ఇంట్లో ఉంచారు.

శనివారం పొద్దున చిన్నమ్మ నన్ను పిలిచింది. "గిదేం పిల్లే, దీనికి నోరే లేదు గద."

నేను నమ్మలేదు. అక్కడే కూర్చుని చూశాను. సుక్కి వచ్చి చిన్నగా "మిఁ" అంది... అంతే. చిన్నమ్మ తిరిగి చూసి పాలు పోసింది. తాగి పడుకుంది.

దాన్ని చంకనేసుకుని ఇంటికి పరిగెత్తాను. అవ్వ మాకు వీపు పెట్టి చాటలో బియ్యం ఏరుతోంది. సుక్కిని కిందికి దించాను. వెళ్లి ఆమె వెనక నిలబడి మెల్లగా పిలిచింది. అవ్వ కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా... కదల్లేదు. అప్పుడు తీసింది హారన్. అవ్వ తిరిగి, వచ్చినవా అంటూ దాని తల నిమిరింది. మళ్లీ చాట వైపు తిరిగింది.

అదే చోట నిలబడి "అవ్వా" అన్నాను. తిరగలేదు. మళ్లీ పిలిచాను. మూడోసారి సుక్కిలా అరిచాను. నవ్వుతూ తిరిగిన అవ్వ, నా మొహం చూసి చాట కింద పెట్టేసింది.

ఇన్నాళ్లూ మా పెదాలు చూసి జవాబిచ్చేదట.

"మీ నాయినకు చెప్పకు బిడ్డా. శెవులు వోయినయని తెలిస్తే నన్ను పాట ఎత్తనియ్యరు."

చెప్తే అవ్వ పాట పోతుంది. చెప్పకపోతే సుక్కి పోతుంది. ఆ రోజు మోకాళ్ల మీద ఎంతసేపు ఉన్నానో...

ఆదివారం పెద్దనాయిన సుక్కిని గోనెసంచిలో వేసి, మూతి కట్టి, బండికి తగిలించాడు. నేను హ్యాండిల్ పట్టుకుని ఏడుస్తున్నాను తప్ప నోరు విప్పలేదు. సంచిలోంచి సుక్కి అరిచిన అరుపు ఇప్పటికీ గుర్తుంది. ఆ అరుపు అవ్వకు వినపడింది. బయటికొచ్చింది.

"మూతి ఇప్పురా. దాంట్ల ఏ దయ్యం లేదు. మెల్లగ పిలిస్తే నాకు ఇనవడ్తలేదని మొత్తుకుంటాంది. రెండేండ్లాయె."

పెద్దనాయిన సంచి మూతి విప్పాడు. సుక్కి దూకి గోడెక్కింది. అవ్వ తల వంచుకుని, ఇక పాట వేరేవాళ్లను ఎత్తమనమంది. ఆయన ఆమె గడ్డం పట్టుకుని, తన పెదాలు కనపడేలా మొహం ఎత్తి, ఒక్కో మాట నెమ్మదిగా అన్నాడు.

"పాట ఎత్తేది నోటితోని గదనే అమ్మా. నువ్వెత్తు. అందుకునుడు మా పని."

గాడిద నోటితో ప్రవక్తకు బుద్ధి చెప్పించిన దేవుని సంగతి మేం బైబిల్లో ఎన్నిసార్లు చదువుకున్నామో... ఇంట్లో పిల్లి రెండేళ్లు మొత్తుకుంటే మాత్రం నూనె సీసా వెతికాం.

తర్వాత నాయిన నల్లగొండ దవాఖానకు తీసుకుపోయి చెవి మిషన్ పెట్టించాడు. మిషన్ పెట్టుకున్న రోజే సుక్కి ఎప్పటిలాగే పూనకం వచ్చినట్టు అరిచింది. అవ్వ ఉలిక్కిపడి, గింత లొల్లి పెడతదా ఇది అని మిషన్ ఊడబెరికి ఒళ్లో పెట్టుకుంది. సుక్కి మాత్రం గొంతు తగ్గించలేదు. అలవాటైపోయింది పాపం...

నేనిప్పుడు ఊరూరా తిరిగి వాక్యం చెప్తున్నాను కాబట్టి ఒక మాట గట్టిగానే అంటాను. పిలిస్తే పలకలేదని పెద్దవాళ్ల మీద విసుక్కునే బిడ్డలారా... వినపడిందో లేదో ఒక్కసారైనా చూశారా? చెవిటివాళ్లను తిట్టొద్దని ధర్మశాస్త్రంలోనే ఉంది. సుక్కి తిట్టలేదు, అలగలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచింది, అంతే.

అవ్వ లేదు... సుక్కీ లేదు. ఇప్పుడు మా ఇంట్లో అందరి చెవులూ మంచివే. కాకపోతే ఫోను తీగలు పెట్టుకుని కూర్చుంటారు. అన్నానికి రమ్మని మా అమ్మ వంటింట్లోంచి నాలుగుసార్లు పిలవాలి...

మీ ఇంట్లో కూడా ఇలా గొంతు చించుకునే పిల్లి ఉండేదా? దాని పేరేంటి... అది అంతగా ఎవరిని పిలిచేది?